పెద్ద మిషను లేచేదాకా

బ్లడ్ బ్యాంకు, మిషన్ల గది పక్క బల్ల,
మధ్యాహ్నం

ఆడపడుచు గారి సముఖానికి వదిన రాయునది,

ఈ రోజుల్లో ఉత్తరమేమిటని నవ్వుకుంటావని తెలుసు. నవ్వుకో. మా ఇల్లు నీకు తెలియనిది కాదు. ముందు గదిలో మీ అన్నయ్య కుట్టుమిషను, వెనక గదిలో మేము. నీతో ఫోన్లో మాట్లాడుతుంటే ముందు గదిలో మిషను చప్పుడు ఆగిపోతుంది, చెవులు ఇటు తిరుగుతాయి. మెసేజీ పెడదామంటే సాయంత్రమైతే నా ఫోను ఆయన చేతిలోనే, కాలర్ల బొమ్మలు చూసుకోవడానికి. అందుకని ఆఫీసులో కాగితం ముందు పెట్టుకున్నాను. జవాబు కూడా ఆఫీసుకే రాయి.

ఆపరేషనుకి తేదీ ఇచ్చారు. వానలు మొదలయ్యేలోపే. నా కిడ్నీ మీ అన్నయ్యకి సరిపోతుందని ఆఖరి పరీక్షలో కూడా తేలింది. డాక్టరుగారు కాగితాలు చూసి, "కాపురంలో కూడా ఇంత బాగా కలిసి ఉండరు మీరిద్దరూ" అన్నారు. నేను నవ్వాను. మీ అన్నయ్య నవ్వలేదు.

ఆయన్ని ఆ డయాలసిస్ కుర్చీలో చూడలేకపోతున్నానమ్మా. వెళ్ళిన ప్రతిసారీ పిండేసిన బట్టలా ఇంటికొస్తారు. మర్నాటికి కాస్త తేరుకుని కుట్టుమిషను దగ్గర కూర్చునేసరికి మళ్ళీ వెళ్ళే రోజు వచ్చేస్తుంది.

ఇక నీతో పని. నాకు రెండు నెలల సెలవు కావాలి. మా ఆఫీసరు ఇస్తానన్నారు, కానీ నేను లేనప్పుడు క్లస్టరు నిలబెట్టేదెవరని అడిగారు. ఏ ఆసుపత్రిలో ఏ గ్రూపు రక్తం ఎన్ని సంచులుందో చెప్పే ప్రోగ్రాములన్నీ దాని మీదే నడుస్తాయి. నెలనెలా పాత వర్చువల్ మిషన్లు తీసేసి కొత్తవి నిలబెడతాం. ఇన్నేళ్ళుగా అది నా చేతిపనే. చేత్తో చేసే పనులన్నీ స్క్రిప్టుగా రాసి, ఒక్క మీట నొక్కితే అయిపోయేలా చేయడమే కదా నీ ఉద్యోగం. మాకూ ఒకటి రాసిపెట్టు. సెలవు దొరికితే ఆపరేషను, లేకపోతే లేదు. ఇంతకంటే సూటిగా చెప్పడం నాకు చేతకాదు.

మొన్న కుర్చీ పక్కన కూర్చుని ఇదంతా మీ అన్నయ్యకి చెప్పాను. "ఒక పెద్ద ఇల్లుందనుకోండి. గోడలు కట్టి మూడు వాటాలు చేశాం. అవి వర్చువల్ మిషన్లు. సామానంతా డబ్బాల్లో సర్దాం. అవి కంటెయినర్లు. మొదటి వాటాది పెత్తనం, ఏ డబ్బా ఎక్కడుండాలో అదే చెబుతుంది. మిగతా రెండూ దాని తలుపు కొట్టి, టోకెను చూపించి, మేమూ మీ వాళ్ళమేనని చేరాలి. అప్పుడు మూడూ కలిసి క్లస్టరు" అన్నాను. ఆయన కళ్ళు మూసుకునే విని, "ఉమ్మడి కుటుంబమన్నమాట. అయితే గొడవలు తప్పవు" అన్నారు.

నీ వదిన


మేడమీది గది,
కిటికీ పక్కన

వదినా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. తేదీ ఉన్న చోట మాత్రం ఇంకా ఎక్కువసార్లు.

స్క్రిప్టు గురించి బెంగ పెట్టుకోకు. నేను రోజూ చేసేది అదే. మా ఆఫీసులో ఇలాంటివి కాఫీ చల్లారేలోపు నిలబెడతాను. నువ్వు చేయాల్సింది ఒక్కటే. మొదటి నుంచి చివరిదాకా నువ్వు చేసే ప్రతి పనీ రాసి పంపు. "ఇది అందరికీ తెలిసిందే కదా" అని ఒక్కటి కూడా వదలకు. మిషనుకి అందరికీ తెలిసింది తెలియదు. చెప్పింది చేస్తుంది, చెప్పనిది చేయదు. మా అన్నయ్యలా కాదు, చెప్పింది కూడా చేయడు.

ఎలాగూ నా రక్తం అన్నయ్యకి సరిపోలేదన్నారు. ఒంట్లోంచి ఏమీ ఇవ్వలేకపోయాను. కనీసం నీ సెలవైనా నా చేతుల మీదుగా రావాలి. అందుకే చెబుతున్నాను, ఈ పని నాకు పని కాదు.

అన్నయ్య కాళ్ళ వాపు తగ్గిందా? అడిగితే బాగుందంటాడు. వాడికి అన్నీ బాగుంటాయి. నువ్వు నిజం రాయి.

తొందరగా రాయి.

నీ మరదలు


బ్లడ్ బ్యాంకు,
అదే బల్ల, ఫ్యాను కింద

తొందరమ్మకి,

నీకు ఆ పేరు పెట్టిన మీ అన్నయ్య నోటికి దండం పెట్టాలి. ఉత్తరం పోస్టులో వేసిన మర్నాడే "అందిందా" అని ఫోనా? ముందు గదిలో మిషను ఆగిపోయింది. "ఏం అందాలి?" అన్నారు. "బట్టల సబ్బు" అన్నాను. ఆడపడుచు అంత దూరం నుంచి సబ్బు పంపిందంటే నమ్మేంత అమాయకులు కారు ఆయన, కానీ ఊరుకున్నారు.

నేను చేసేవన్నీ ఒక్కటీ వదలకుండా నీకు పంపాను కదా. మూడు మిషన్లు తెరవడం, పేర్లు పెట్టడం, మూడింటి గడియారాలూ ఒకటి చేయడం, పెత్తనం చేసే పెద్ద మిషన్ని లేపడం, అది ఇచ్చిన టోకెను తీసుకుని మిగతా రెంటినీ చేర్చడం. కళ్ళకి గంతలు కట్టినా చేయగలను. నువ్వు పంపిన స్క్రిప్టు ఈరోజు నడిపాను. చూడ ముచ్చటేసింది. నేను పూటంతా పడే పాట్లు అది గబగబా పడుతోంది. పెద్ద మిషను లేస్తున్నానంది. మిగతా రెండూ పరుగున వెళ్ళి తలుపు కొట్టాయి. అంతే, ఎర్ర అక్షరాలు. చేరలేకపోయాం, టోకెను సరిచూడండి అని.

టోకెను చూశాను. సరిగ్గానే ఉంది. తోచక ఆ చివరి రెండు వరుసలూ నా చేత్తో కొట్టాను. బుద్ధిగా చేరాయి. హస్తవాసి అనుకో.

కాళ్ళ వాపు తగ్గలేదు. నిజం రాయమన్నావు కాబట్టి రాశాను.

వదిన


మేడమీది గది

వదినా,

హస్తవాసి డాక్టర్లకి ఉంటుంది గానీ కీబోర్డుకి ఉండదు. నువ్వు పంపిన అవే వరుసలతో నా దగ్గర పదేపదే నడిపాను, ఒక్కసారి కూడా పడలేదు. అన్నీ కలిసి నవ్వుతూ నిలబడ్డాయి. లోపం ఉంటే మీ మిషన్లలోనే ఉండాలి. వాటిని మోసే కంప్యూటర్లు నా బడి రోజులనాటివని నువ్వే అన్నావు. అయినా టోకెను భాగం మొత్తం తీసేసి కొత్తగా రాశాను. ఈసారి పడితే నా చెవి కోసి ఇస్తాను. కిడ్నీ ఎలాగూ ఇవ్వలేను కదా.

తేదీ దగ్గరికొస్తోంది. నేను ఆఫీసులో సెలవు చెప్పేశాను. మీ ఇద్దరినీ చూసుకోవడానికి వస్తున్నాను. వంట రాదని నవ్వకు, ఆసుపత్రిలో ఎవరూ వంట తినరు.

నీ మరదలు


బ్లడ్ బ్యాంకు

అమ్మాయ్,

చెవి జాగ్రత్తగా ఉంచుకో, మళ్ళీ పడింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు మా మిషన్లని తిట్టకు. అవి నా చేతికి లొంగుతున్నాయి కదా. మళ్ళీ చివరి వరుసలు నేనే కొట్టాల్సి వచ్చింది. పక్కనే నిలబడి చూసిన ఆఫీసరు, "ఇలా అయితే మీరు లేకుండా ఎలాగమ్మా" అన్నారు.

ఆపరేషను తేదీ జరిపారు. పని తెమలలేదని డాక్టరుగారితో చెప్పాను. వానలు తగ్గాక చూద్దామన్నారు. నువ్వు సెలవు వెనక్కి తీసుకో.

ఇంట్లో అంతా మామూలే.

వదిన


మేడమీది గది,
వాన పడుతోంది

వదినా,

ఇంట్లో అంతా మామూలేనా? మా అన్నయ్య రక్తాన్ని గొట్టాల్లో తిప్పి లోపలికి పంపడం మామూలా? తేదీ జరిపిన సంగతి నాలుగు వరుసల్లో, వాతావరణం చెప్పినట్టు చెప్పేశావు.

ఒక్కమాట అడుగుతాను, కోపం తెచ్చుకున్నా సరే. మా ఆఫీసులో పెద్దవాళ్ళందరికీ నీ ఎర్ర అక్షరాలు చూపించాను. స్క్రిప్టులో తప్పు లేదన్నారు. నువ్వు చేత్తో చేస్తే నిలబడేది, అవే వరుసలు స్క్రిప్టు చేస్తే ఎందుకు పడుతుంది? నాకు అర్థమయ్యే కారణం ఒక్కటే కనబడుతోంది. నువ్వు లేకుండా అక్కడ ఏదీ నిలబడకూడదని నీకు ఉందేమో. అలా ఉంటే సెలవు దొరకదు. సెలవు దొరకకపోతే కోత ఉండదు.

ఇవ్వడానికి మనసొప్పకపోతే ఒప్పలేదని చెప్పు. ఒంట్లోంచి తీసి ఇచ్చేది, బలవంతం చేసే హక్కు ఎవరికీ లేదు. కానీ నెపం నా స్క్రిప్టు మీద వేయకు. ఆలస్యం అమృతం విషం అని నువ్వే అనేదానివి. నా దగ్గర ఇవ్వడానికి ఉంటే నిన్ను అడిగేదాన్నే కాదు వదినా.

ఇది పోస్టులో వేశాక బాధపడతానని తెలుసు. అయినా వేస్తున్నాను.


ఇంటి వెనక గది,
మీ అన్నయ్య డయాలసిస్‌కి వెళ్ళినప్పుడు

అమ్మలూ,

జవాబు ఆలస్యమైంది. నీ ఉత్తరం బల్ల సొరుగులో పెట్టి రోజూ ఒకసారి తీసి చూసుకున్నాను. ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. ఇంట్లో మొగుడితో సగం పడ్డాను, నీతో మిగతా సగం. లెక్క పూర్తయింది.

తేదీ జరిపింది నేను కాదు. మీ అన్నయ్య.

డాక్టరుగారు "సరే కదా, కానిద్దామా" అని అడిగితే "ఇంకా ఆలోచించుకోవాలి" అన్నారు. నేను గబుక్కున అందుకుని మా ఆఫీసులో పని తెమలలేదండీ అన్నాను. నీకూ అదే రాశాను. ఎందుకంటే నిజం రాస్తే నువ్వు రైలెక్కి వచ్చేస్తావు. వచ్చి అరుస్తావు, ఏడుస్తావు. నువ్వు ఏడిస్తే ఆయన తట్టుకోలేరు, సరేననేస్తారు. నీకోసం అంటారు. నాకు అది వద్దు. ఆయనంతట ఆయన అనాలి. ఆయన మనసు సిద్ధం కాకుండా నా కిడ్నీ తీసుకెళ్ళి ఆయన ఒంట్లో పెడితే, బతికినన్నాళ్ళూ నా ముఖం చూసినప్పుడల్లా అప్పు గుర్తొచ్చినట్టు చూస్తారు. అందుకే రోజూ నెమ్మదిగా అడుగుతున్నాను. రోజూ ఇంకా లేదంటున్నారు.

ఆయన భయమల్లా నా గురించే. మొన్న ఉదయం తేలిపోయింది. "బాగున్న చొక్కా కత్తిరించి ఇంకో చొక్కాకి అతుకు వేయడం నా వల్ల కాదు. ఒక్క కిడ్నీతో రేపు నీకేమైనా అయితే ఆ అతుకు పెట్టుకుని ఎలా తిరగమంటావు?" అన్నారు. డాక్టరుగారు చెప్పారు కదండీ, ఒక్కదానితో అందరిలాగే బతకొచ్చని, అంటే "డాక్టర్లు చెబుతారు. ఒక్కదానితో బతికినవాళ్ళని నేనెక్కడ చూశాను?" అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. "నేను చొక్కాని కాను" అని చెప్పి చెప్పులేసుకుని ఆఫీసుకి వెళ్ళిపోయాను.

ఇప్పుడు నీ స్క్రిప్టు సంగతి. నీమీద నెపం వేయలేదమ్మా, అది నిజంగానే పడుతోంది. ఆ రోజు నెలవారీ మిషన్లు నిలబెట్టాలి. నీ స్క్రిప్టు జోలికి పోకుండా నా చేత్తోనే మొదలుపెట్టాను. నమ్ముతావో లేదో, నా చేతి కిందే పడిపోయింది. ఇన్నేళ్ళలో మొదటిసారి. అవే ఎర్ర అక్షరాలు. నా హస్తవాసి కూడా పోయిందనుకుని తలుపేసుకుని ఏడ్చాను. ముఖం కడుక్కుని వచ్చి మళ్ళీ కొడితే చేరాయి.

మామూలుగా పెద్ద మిషన్ని లేపి మీ అన్నయ్యకి ఫోన్ చేస్తాను, తిన్నారా అని. ఎప్పటి నుంచో అలవాటు. ఆ రోజు కోపంలో చేయలేదు. ఫోన్ చేయని పాపమే ఇలా తగిలిందనుకున్నాను. చూశావా, మిషన్ల మధ్య పనిచేస్తూ పాపం పుణ్యం అంటున్నాను.

నీమీద నాకు కోపం లేదు. అన్నయ్య కోసం అన్నావు. నేనైనా అంతే అనేదాన్ని.

నీ వదిన


మేడమీది గది

వదినా,

నీ కాళ్ళు పట్టుకుంటానంటే వెనక్కి లాక్కుంటావు. అందుకని ఊరికే చెబుతున్నాను. తప్పుగా అన్నాను. రాయకూడనిది రాశాను. వచ్చాక నాలుగు తిట్టు, మాట్లాడకుండా పడతాను. ఎంతసేపు పడగలనో చూద్దాం.

ముందు చిన్న సంగతి. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికామిద్దరం. నీ హస్తవాసి ఎక్కడికీ పోలేదు. నువ్వు పెద్ద మిషన్ని లేపుతావు. అన్నయ్యకి ఫోన్ చేస్తావు. తిన్నారా అంటావు. వాడు ఇంకా లేదంటాడు. ఎందుకు తినలేదంటావు. కాలరు కుడుతున్నానంటాడు. కాలరు ఎక్కడికైనా పారిపోతుందా అంటావు. మీ సంసారమంతా అయ్యేసరికి ఆ పెద్ద మిషను పాపం మీ ముసలి కంప్యూటరు మీద నెమ్మదిగా లేచి, కళ్ళు నులుముకుని, తలుపు తీయడానికి సిద్ధంగా ఉంటుంది. అప్పుడు నువ్వు మిగతా రెంటినీ పంపుతావు. చేరతాయి. నా స్క్రిప్టుకి మొగుడు లేడు. పెద్దది ఇంకా మంచం దిగకముందే రెంటినీ తలుపు మీదకి తోలుతుంది. లోపల్నుంచి జవాబు లేకపోతే టోకెను తప్పనుకుని వెనక్కి తిరుగుతాయి. నా దగ్గరున్నవి కొత్త కంప్యూటర్లు, వాటి మీద మిషన్లు లేపగానే లేస్తాయి, అందుకే నాకెప్పుడూ దొరకలేదు. నువ్వు నిజంగానే అన్నీ రాసి పంపావు. ఫోను ఒక్కటే రాయలేదు. అది పని అని నీకు తోచలేదు.

కాసేపు ఆగమని స్క్రిప్టులో రాస్తే సరిపోయేది, కానీ ఎంతసేపని? ఒకరోజు తొందరగా లేస్తుంది, ఒకరోజు మొండికేస్తుంది. అందుకని నువ్వు చేసినట్టే చేశాను. అడుగుతూ ఉంటుంది. లేవకపోతే కాస్త ఆగి మళ్ళీ అడుగుతుంది. లేచానని పెద్దది చెప్పేదాకా మిగతావాటిని కదలనివ్వదు. తెర మీద ఏ మాట కనబడాలా అని ఆలోచించి, "తిన్నారా?" అని పెట్టాను.

ఇప్పుడు పెద్ద సంగతి. ఇది అన్నయ్యకి చదివి వినిపించు. ఫోన్లో చెబితే మధ్యలో నా గొంతు పాడవుతుంది.

నా రక్తం సరిపోలేదని చెప్పాను కదా. అబద్ధం. రక్తం సరిపోయింది. తర్వాత స్కాను తీశారు. ఆ గదిలో డాక్టరమ్మ తెర వంక చాలాసేపు చూసి, "మీకు ఒకటే ఉందని ఎవరైనా చెప్పారా?" అంది. ఏమిటన్నాను. "కిడ్నీ. పుట్టుకతోనే ఒక్కటి. బాగా పనిచేస్తోంది, రెండింటి పనీ అదే చేస్తోంది. కానీ ఇవ్వడానికి లేదు" అంది.

ఇవ్వలేనని బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. మీకెవరికీ చెప్పలేదు. చెబితే అన్నయ్య తన జబ్బు మరిచిపోయి నా జబ్బు మొదలుపెడతాడు. నాకు జబ్బు లేదు వదినా. ఉన్నది ఒకటేనని ఒంటికే తెలియదు.

ఒక్కదానితో బతికినవాళ్ళని ఎక్కడ చూశానన్నాడుగా. చూస్తూనే ఉన్నాడని చెప్పు. చిన్నప్పుడు వాడి పెన్సిలు విరగ్గొట్టి పారిపోతే, వీధి చివరిదాకా తరిమి, ఆయాసపడి ఆగిపోయింది రెండున్నవాడు. ఆగకుండా గోడ దూకింది ఒకటున్నది. ఈత పోటీలో కప్పు తెచ్చింది ఒక్కదానితోనే. ఇప్పుడు ఈ మేడ మెట్లు రోజూ ఎక్కి దిగేదీ ఒక్కదానితోనే. నా జీవితమంతా వాడి కళ్ళ ముందు, వాడి నెత్తి మీద, ఒక్కదానితోనే బతికాను.

నేను రైలెక్కి రాను. అరవను. వాడు సిద్ధమయ్యాకే వస్తాను. నువ్వు అడుగుతూ ఉండు.

నీ మరదలు


బ్లడ్ బ్యాంకు,
పక్కన ఐస్ బాబాయి కూర్చుని ఉండగా

నా బంగారు తల్లికి,

నీ ఉత్తరం ఇంటికి పట్టుకెళ్ళాను. ముందు గదిలో ఆయన గుండీలు కుడుతున్నారు. ఎదురుగా ముక్కాలిపీట వేసుకుని చదివాను. స్కాను దగ్గరికి వచ్చేసరికి ఆయన చేతిలో సూది ఆగింది. పెన్సిలు దగ్గరికి వచ్చేసరికి నవ్వారు. నవ్వుతూనే కళ్ళద్దాలు తీసేశారు.

నేనేమీ అడగలేదు. తర్వాత, "ఆ గోడ దూకిన ముక్క మళ్ళీ చదువు" అన్నారు. చదివాను. "నేను ఆయాసపడి ఆగిపోయేవాణ్ణి. అది వెనక్కి తిరిగి వెక్కిరించేది" అన్నారు. కాసేపటికి, "ఇవ్వలేకపోయానని మెట్ల మీద కూర్చుని ఏడ్చిందా?" అన్నారు. ఏడ్చిందట అన్నాను. ఆయన సూదికి దారం ఎక్కించబోయి, ఎక్కించలేక, నాకిచ్చారు. నేను ఎక్కించి ఇచ్చేలోపు, "డాక్టరుగారికి ఫోన్ చేసి చెప్పు. కానిద్దాం" అన్నారు.

అడగకముందే అన్నారు. ఆయనంతట ఆయన అన్నారు. నేను వంటింట్లోకి వెళ్ళి కొళాయి తిప్పి ఏడ్చాను, చప్పుడు వినబడకుండా.

నువ్వు అనుకున్నట్టే నీ జబ్బు మొదలుపెట్టారు. నీళ్ళు బాగా తాగమన్నారు, ఏడాదికోసారి పరీక్ష చేయించుకోమన్నారు, మెట్లు నెమ్మదిగా ఎక్కమన్నారు. మొదటి రెండూ డాక్టరుగారు కూడా చెప్పారు కాబట్టి విను. మూడోది ఆయన సొంత కవిత్వం.

ఇక స్క్రిప్టు. ఆఫీసరు, "మీరు కుర్చీలో కూర్చోకూడదు, వేరేవాళ్ళు నడపాలి" అన్నారు. రక్తం సంచులు దాచే చల్లగది చూసుకునే ఐస్ బాబాయిని కూర్చోబెట్టాం. ఆయనకి కీబోర్డంటే భయం, చూపుడువేలితో నిప్పు తాకినట్టు తాకుతారు. మీట నొక్కారు. తెర మీద "తిన్నారా?" అని వచ్చింది. బాబాయి కంగారుపడి, "తిన్నానమ్మా, ఇప్పుడే" అన్నారు. మళ్ళీ వచ్చింది. "చెప్పానుగా" అన్నారు. మళ్ళీ వచ్చింది. నేను నోట్లో కొంగు కుక్కుకున్నాను. ఇంకాసేపటికి "తిన్నాను, ఇక కానివ్వండి" అని వచ్చింది. రెండో మిషను వెళ్ళి చేరింది. మూడోదీ చేరింది. ఎర్ర అక్షరమన్నది లేదు.

ఆఫీసరు సెలవు ఇచ్చేశారు. బయల్దేరి రా. వంట నేర్చుకోకు.

నీ వదిన


ఆసుపత్రి వరండా, చివరి బెంచీ,
ఆపరేషనయిన మర్నాడు

వదినా,

నీ గదిలోకి నన్ను రానివ్వడం లేదు, ఫోన్లూ లోపలికి రానివ్వరట. నర్సమ్మ చేత ఇది పంపుతున్నాను. అన్నయ్య వేరే గదిలో ఉన్నాడు. అద్దంలోంచి చూశాను. చేయి ఊపాడు. నువ్వెలా ఉన్నావని సైగ చేశాడు. బాగున్నావని సైగ చేశాను. ఆ తర్వాత ఏదో పెద్ద సైగ చేశాడు, అర్థం కాలేదు, తలూపాను.

నీకు అబద్ధం చెప్పనని మొక్కుకున్నాను కాబట్టి చెబుతున్నాను. కిడ్నీ ఇంకా పని మొదలుపెట్టలేదు. మూత్రం ట్యూబు ఖాళీగా ఉంది. డాక్టరుగారు కంగారేమీ లేదన్నారు. కొన్ని కొత్తచోటికి వచ్చాక కొన్నాళ్ళు నిద్రపోతాయట, అవే లేస్తాయట. ఎప్పుడని అడిగాను. చెప్పలేమన్నారు. నా చేతిలో మీట లేదు, దిద్దడానికి వరుస లేదు. డాక్టరుగారు ఇటు వచ్చినప్పుడల్లా లేచి నిలబడుతున్నాను. ఆయన నన్ను చూసి దారి మార్చి వెళుతున్నారు. నాకు ఆగడం రాదు వదినా. చాలా భయంగా ఉంది.

ఐస్ బాబాయి ఫోన్ చేశారు. ఈ నెల మిషన్లు నిలబడ్డాయట. "చాలాసార్లు అడిగిందమ్మా, నేను కూడా చాలాసార్లు చెప్పాను" అన్నారు.


ఆసుపత్రి, లోపలి గది

అమ్మలూ,

పడుకుని రాస్తున్నాను, అక్షరాలు ఎటు పోతే అటు పోనీ.

నాకూ భయంగానే ఉంది. కోతప్పుడు వేయలేదు, నీ చీటీ చదివాక వేసింది. నా దగ్గరున్నది ఇచ్చేశాను. అది ఆయనకి పట్టకపోతే ఇవ్వడానికి ఇంకేమీ లేదు. ఈ మాట ఎవరితో అనగలను, నీతో తప్ప.

కానీ ఒకటి. అది నా కిడ్నీ. నేనెలాంటిదాన్నో దానికీ అదే బుద్ధి ఉంటుంది. ఇన్నేళ్ళుగా ఆయన్ని పలకరించకుండా నేను ఏ పనీ మొదలుపెట్టలేదు. మీ అన్నయ్యని దాన్ని ఓసారి పలకరించమను. నువ్వు మాత్రం తలుపు బాదకు. నెమ్మదిగా అడుగుతూ ఉండు.

వదిన


వరండా, అదే బెంచీ,
ఆపరేషనయిన మూడు రోజులకి

వదినా,

నీ చీటీ నర్సమ్మ చేత అన్నయ్యకి చదివించాను. అద్దం ఇవతల నిలబడి చూశాను. వాడు కాసేపు పైకప్పు వంక చూశాడు. తర్వాత దుప్పటి మీద నుంచే, కుట్టేసిన చోట పక్కగా నెమ్మదిగా చేయి పెట్టుకుని ఏదో అన్నాడు. నర్సమ్మ నోరు మూసుకుని నవ్వింది. బయటికి వచ్చాక అడిగితే, "ఏమోయ్, తిన్నావా అని అడిగారండీ" అంది.

నిన్న ఏమీ కాలేదు. ఉదయం కూడా ఏమీ కాలేదు. వాడు మాత్రం అడుగుతూనే ఉన్నాడట, భోజనాల వేళా, మందుల వేళా. నేను బెంచీ మీద కూర్చున్నాను. లేవలేదు. డాక్టరుగారు దారి మార్చుకోకుండా నా ముందు నుంచే వెళ్ళారు.

ఇందాక నర్సమ్మ పరుగున వచ్చి నా భుజం పట్టుకుని అద్దం దగ్గరికి తీసుకెళ్ళింది. ట్యూబులో చుక్కలు పడుతున్నాయి. ఒకటి, ఆగి ఇంకొకటి, తర్వాత ఆగకుండా. నీ కిడ్నీ లేచింది వదినా. అన్నయ్య పలకరింపుకీ దానికీ సంబంధం లేదని డాక్టరుగారు అన్నారు. మంచివారు, చదువుకున్నవారు, వారిని నమ్మాలి. అన్నయ్య నమ్మడం లేదు. నేనూ నమ్మడం లేదు.

మొన్న వాడు చేసిన పెద్ద సైగ ఏమిటో ఇప్పుడు తెలిసింది. చేతిని నోటి దగ్గరికి తెచ్చి, నీ గది వైపు చూపించి, కనుబొమ్మలెగరేశాడు. నేను అర్థం కాకుండా తలూపేశాను. ఈరోజు మళ్ళీ చేశాడు. మీ ఆవిడ ఇంకా నీళ్ళ మీదే ఉందేమో అని నర్సమ్మ చెబితే మళ్ళీ అడిగించాడు. నువ్వు తిన్నానని చెప్పేదాకా ఊరుకునేలా లేడు.

జవాబు రాసి పంపు. తిన్నావా?